తుప్పు డంబెల్స్ తోమే ముందు

విశాఖలో సముద్రం వైపు బాల్కనీలో పెట్టిన డంబెల్‌కి ఒక్క వానాకాలం చాలు, పట్టుకుంటే అరచేయి ఎర్రబడుతుంది. తోమేముందు ఇవి చూసుకోండి.

- కిటికీలు తెరవండి. కళ్లద్దాలు, మాస్కు, గ్లౌజులు తప్పనిసరి. వైర్ బ్రష్ పుల్లలు ఊడి ఎగురుతాయి.
- తుప్పు వదలడానికి నానబెట్టే వెనిగర్‌లో బ్లీచింగ్ అస్సలు కలపొద్దు, క్లోరిన్ వాయువు పుడుతుంది.
- వెనిగర్‌లో నానబెట్టేది ఉత్త ఇనుప ప్లేట్లనే. బార్‌బెల్ చివర తిరిగే గొట్టంలో అది తిరగడానికి బేరింగులు గానీ బుష్‌లు గానీ ఉంటాయి, అందులోకి తడి పోకూడదు.
- మెరిసే క్రోమ్ పూత మీద ఉప్పుకాగితం వద్దు.
- జిమ్ మెషిన్‌లో బరువులు లాగే కేబుల్ తుప్పు పట్టిందా? తోమకండి, మార్చేయండి.
- వంటసోడా నీళ్లు, పొడిబట్ట, కుట్టుమిషన్ నూనె ముందే పక్కన పెట్టుకోండి. కడిగి తడిగా వదిలేస్తే చూస్తుండగానే మళ్లీ ఎర్ర పొర. నూనె పూశాక పిడి మాత్రం శుభ్రంగా తుడవండి, జారితే పడేది మీ కాలిమీదే.