పరాయి దేశంలో హ్యాష్ పరుగు బృందంలో చేరడం ఎలా?

ఉద్యోగానికో చదువుకో కొత్త దేశం వెళ్లినవారికి పనిదినాలు ఎలాగో గడిచిపోతాయి కానీ, సెలవు రోజు సాయంత్రం పలకరించే మనిషి లేక బరువుగా ఉంటుంది. అలాంటివారికి నేను మొదట చెప్పే మాట, ఆ ఊళ్లో హ్యాష్ హౌస్ హ్యారియర్స్ బృందం ఉందేమో చూడమని. ఇది సరదాగా పరుగెత్తేవారి బృందం: ఒకరిద్దరు ముందుగా వెళ్లి పిండితో గుర్తులు పెడితే, మిగతావారు ఆ దారిని వెతుక్కుంటూ పరుగెత్తుతారు. చివరికి అందరూ గుండ్రంగా నిలబడి పాటలు పాడుకుంటూ తాగుతారు, తింటారు. ఇందులో గెలుపోటముల లెక్క ఉండదు కనుక పరుగు అలవాటు లేనివారు కూడా చేరవచ్చు.

దీనిని మొదలుపెట్టినవారు కూడా సొంత దేశానికి దూరంగా ఉన్నవారే. 1938లో కౌలాలంపూర్‌లో ఉద్యోగాలు చేస్తున్న ఎ. ఎస్. గిస్పర్ట్, ఆయన మిత్రులు కలిసి, కాగితపు ముక్కల జాడ పట్టుకుని పరుగెత్తే పాత బ్రిటిష్ ఆటను తమకు తగినట్టు మలుచుకున్నారు. తాము భోజనం చేసే చోట దొరికే చప్పిడి తిండిని వెక్కిరిస్తూ ఆ భవనానికి పెట్టుకున్న పేరే ‘హ్యాష్ హౌస్’, అంటే చవక తిండి దొరికే చోటు. 1950లో సంఘాన్ని నమోదు చేసినప్పుడు రాసుకున్న ఆశయాలలో, పెద్దవయసు సభ్యులకు వారు అనుకుంటున్నంత ముసలివారు కారని నచ్చజెప్పడం కూడా ఒకటి. ఆ ఒక్క వాక్యం చదివితే చాలు, ఈ బృందాల స్వభావం అర్థమవుతుంది.

ఊరి పేరుతో కలిపి ‘హ్యాష్’ అని వెతికితే, ఆ ఊళ్లో బృందం ఉంటే సాధారణంగా దాని పరుగుల పట్టిక దొరుకుతుంది. పెద్ద నగరాల్లో ఒకటికి మించి బృందాలు ఉంటాయి: కొన్ని పురుషులకే, కొన్ని స్త్రీలకు, ఎక్కువభాగం అందరికీ, పిల్లలతో వెళ్లదగినవీ ఉంటాయి. వెళ్లే ముందు నిర్వాహకులకు ఒక సందేశం పంపి, దూరం ఎంత, తిరిగి వచ్చేసరికి చీకటి పడుతుందా, వాహనం లేనివారు ఎలా రావాలి అని అడగండి. రుసుము వసూలు చేసేవారిని ‘హ్యాష్ క్యాష్’ అంటారు; చాలాచోట్ల ఆ డబ్బులోనే పానీయాల ఖర్చు కూడా కలిసి ఉంటుంది.

పాత బూట్లు వేసుకుని వెళ్లండి. కొత్త బూట్లతో వచ్చినవారిచేత ఆ బూటులోనే పానీయం పోసి తాగించే ఆనవాయితీ అనేక బృందాల్లో ఉంది. దారి బురదలోంచో ముళ్లపొదల్లోంచో వెళ్లవచ్చు కనుక పొడవాటి మేజోళ్లు, మార్చుకోవడానికి పొడి బట్టలు, టార్చిలైటు, గుర్తింపు కార్డు వెంట ఉండాలి.

ఇక అసలు విషయం గుర్తులు. దారి వేసేవారిని ‘హేర్’, అంటే కుందేలు, అంటారు, వెంబడించేవారంతా వేటకుక్కలు. దారి పొడవునా చెట్ల మొదళ్ల దగ్గర, గోడల మూలల్లో గుప్పెడేసి పిండి కనిపిస్తుంది. ఒక కూడలిలో పిండితో గీసిన వలయం కనిపించిందంటే జాడ అక్కడ తెగిందని అర్థం. దానిని ‘చెక్’ అంటారు. వేగంగా వచ్చినవారు తలా ఒక దిక్కుకు పరుగెత్తి వెతకాలి. ఒకరు తప్పుదారిలో చాలా దూరం పోయి వెనక్కి వస్తారు, మరొకరికి తరువాతి పిండి చుక్క దొరుకుతుంది. ఈలోగా మెల్లగా నడిచి వచ్చేవారు వలయం దగ్గరికి చేరుకుంటారు. వేగం ఉన్నవారిని ఎక్కువ తిప్పి, లేనివారిని వారితో కలపడానికే ఈ వలయం ఉంది. ఊరు తెలియని, మనుషులు తెలియని కొత్తవారు గుంపులో వెనకబడిపోకుండా కాపాడేది కూడా ఇదే.

వెనకనున్నవారు ‘ఆర్ యూ?’, అంటే జాడ దొరికిందా, అని కేకవేస్తే, జాడ దొరికినవారు ‘ఆన్ ఆన్’ అని బదులివ్వాలి. దొరకనప్పుడు ‘ఆన్ ఆన్’ అనడం పెద్ద తప్పు, ఎందుకంటే ఆ మాట నమ్మి గుంపంతా కదులుతుంది. గుర్తుల అర్థాలు బృందాన్ని బట్టి మారుతాయి కాబట్టి, బయలుదేరే ముందు హేర్ నేల మీద గీసి వివరించేది శ్రద్ధగా చూడండి.

పరుగు తరువాత అందరూ గుండ్రంగా నిలబడే ‘సర్కిల్’లో కొత్తవారిని ముందుకు పిలిచి, పాట పాడుతూ ఒక గ్లాసును ఒక్క గుక్కలో తాగమంటారు. మద్యం అలవాటు లేనివారు ఆ మాట మొదటే చెప్పి నీళ్లో శీతల పానీయమో అడగాలి. చాలా బృందాలు దానిని మామూలుగానే తీసుకుంటాయి, ఒత్తిడి చేసే బృందం అయితే వదిలి మరొకటి చూసుకోవచ్చు. మద్యంపై ఆంక్షలు ఉన్న దేశంలో స్థానిక చట్టం తెలుసుకోకుండా గ్లాసు అందుకోవద్దు. పాటలు, సభ్యులకు పెట్టే మారుపేర్లు చాలాసార్లు మోటుగా ఉంటాయన్నది దాచవలసిన విషయం కాదు. అవి నచ్చనివారికి కుటుంబ బృందమే మేలు. మారుపేరు ఎవరికివారు పెట్టుకునేది కాదు. కొన్ని పరుగుల తరువాత బృందమే ఇస్తుంది. ఇతరుల ఫొటోలను అడగకుండా బయట పెట్టకండి; ఆఫీసులో ఈ సంగతి తెలియకూడదనుకునేవారు కూడా ఆ సర్కిల్‌లో ఉంటారు.

ఒక్కసారి వెళ్లి తీర్పు చెప్పకుండా మూడుసార్లు వెళ్లండి, ఎందుకంటే హేర్ మారితే దారి మారుతుంది, వచ్చే మనుషులూ మారతారు. తరువాత అనుభవజ్ఞుడైన హేర్‌కు తోడుగా దారి వేయడానికి ముందుకు రండి. సొంత స్థలాల యజమానులను ముందే అడగాలి. జనసమ్మర్దం ఉన్నచోట పిండికి బదులు సుద్దముక్క వాడటం మంచిది. 2007లో అమెరికాలోని న్యూ హేవెన్‌లో ఒక దుకాణం పార్కింగ్ స్థలంలో చల్లిన పిండిని ప్రమాదకర పదార్థమనుకుని జనాన్ని ఖాళీ చేయించారు, దారి వేసిన ఇద్దరిపై కేసు పెట్టారు. బయలుదేరేటప్పుడు తలలు లెక్కపెట్టుకుని, చివరి మనిషి చేరేదాకా హేర్ ముగింపు స్థలం వదలకూడదు.