పాత ప్లాంటర్ కొన్నారా? పొలంలోకి దించేముందు ఇవి చూసుకోండి

ట్రాక్టర్ వెనక తగిలించి విత్తనం వేసే యంత్రమే ప్లాంటర్. పాతది చూడటానికి వెళ్లినవాళ్లు ముందు రంగు చూస్తారు, ఆ తర్వాత తుప్పు చూస్తారు. ఫ్రేమ్‌కి పైపైన పట్టిన తుప్పు వల్ల గింజకేం నష్టం లేదు. గింజను లెక్కగా వదిలేది విత్తనం పెట్టెలో తిరిగే ప్లేటు, ఆ ప్లేటును తిప్పేది నేల మీద దొర్లే చక్రం, ఈ రెండింటినీ కలిపేది చైను. ఈ మూడూ బాగుంటే మిగతాది చాలావరకు వెల్డింగ్ పెట్టించి దారికి తెచ్చుకోవచ్చు. నేను చెప్పేది మూడు నాలుగు సాళ్ల చిన్న ప్లాంటర్ల గురించి, అదీ ప్లేటు వాలుగా ఉండే రకం. గాలి పీల్చి గింజను పట్టుకునే న్యుమాటిక్ వాటి కథ వేరు.

కొనేముందు నేల చక్రాన్ని చేత్తో పట్టి నిదానంగా తిప్పండి, తిప్పుతూ పెట్టె లోపలికి చూడండి. ప్లేటు ఆగి ఆగి తిరుగుతోందంటే చైను బిగుసుకుపోయిందో, బేరింగ్ పోయిందో, లోపల పళ్లు అరిగాయో ఏదో ఒకటి ఉంది. చక్రాన్ని పక్కలకు ఊపితే బాగా ఊగుతోందంటే బుష్ అరిగిపోయినట్టే. స్ప్రాకెట్ (చైను ఎక్కే పళ్ల చక్రం) పళ్లు కొక్కేల్లా ఒక పక్కకి వాలి ఉంటే చైను, స్ప్రాకెట్ రెండూ కలిపి మార్చాలి, కొత్త చైను ఒక్కటే వేస్తే దాన్నీ పాడుచేస్తుంది. గింజ గొట్టాలు ఎండకు పగిలి ఉంటాయి, అవి తేలిగ్గా మారతాయి కాబట్టి వాటి కోసం బేరం వదులుకోవద్దు. కానీ ఫ్రేమ్ వంకరగా ఉందేమో మాత్రం చూడకుండా వదలొద్దు. టేపు తీసి ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఐమూలగా రెండు వైపులా కొలవండి, రెండు కొలతలూ బాగా తేడా వస్తే ఆ ప్లాంటర్ సాళ్లను ఎప్పటికీ తిన్నగా వేయదు.

అమ్మే మనిషి దగ్గర ఇంకా ఎన్ని ప్లేట్లు ఉన్నాయో గట్టిగా అడగండి. ఒక్కో పంటకు ఒక్కో ప్లేటు కావాలి, పైగా ఒక మోడల్ ప్లేటు ఇంకో మోడల్‌లో కూర్చుంటుందన్న గ్యారంటీ లేదు. మీ విత్తనం గుప్పెడు వెంట తీసుకెళ్లి ప్లేటు గుంటల్లో పెట్టి చూడండి. గింజ కొంచెం వదులుగా కూర్చోవాలి, రెండోది పట్టకూడదు. సంచిలో అన్నిటికన్నా పెద్ద గింజ ఇరుక్కుంటే పొలంలో అది పగులుతుంది, ఆ గుంట అలాగే మూసుకుపోయి ఆ సాలు పొడవునా వరసగా ఖాళీలు వస్తాయి. అదనపు గింజల్ని తోసేసే బ్రష్ అరిగిపోతే జంట గింజలు పడతాయి.

ఇంటికి తెచ్చాక ట్రాక్టర్‌కు తగిలించడం. చిన్న ట్రాక్టర్లకు ఎక్కువగా కేటగిరీ 1 లింకేజీ (కింద రెండు చేతులు, పైన ఒక టాప్ లింక్‌తో పనిముట్టును పట్టే అమరిక) ఉంటుంది, కింది పిన్నులు 22 మిల్లీమీటర్లు, టాప్ లింక్ పిన్ను 19. పాత యంత్రాలకు చేతికి దొరికిన బోల్టేదో పెట్టి నడిపించి ఉంటారు, తీసేసి సరైన పిన్ను, లాక్ క్లిప్ వేయండి. సమతలంగా ఉన్న చోట దించి వెనక నుంచి చూడండి, కుడి ఎడమలు సమానంగా లేకపోతే కింది చేతిని లేపే లిఫ్ట్ రాడ్‌తో సరిచేయాలి, ముందుకో వెనక్కో వాలితే టాప్ లింక్‌తో. ముందుకు వాలితే కర్రు మొన లోతుకి దిగిపోతుంది, వెనక్కి వాలితే నేలను సరిగా చీల్చదు. లింకేజీ పక్క చైన్లు బిగించండి, లేకపోతే ప్లాంటర్ ఊగి సాళ్లు పాము నడకే. లిఫ్ట్ లేపినప్పుడు ముందు టైర్లు తేలిపోతున్నట్టుంటే ముందు బరువులు వేసుకోవాలి. లేపి ఉంచిన ప్లాంటర్ కింద దూరి పని చేయొద్దు, కింద దిట్టమైన దిమ్మ పెట్టి ఇంజన్ ఆపాకే.

సాళ్ల మధ్య దూరం ఫ్రేమ్ నడిమధ్య నుంచి మొదలుపెట్టి రెండు పక్కలకీ కొలుచుకుంటూ పోండి. కొలవాల్సింది పైన క్లాంపుల దగ్గర కాదు, కింద కర్రు మొనల దగ్గర, ఎందుకంటే పాత కర్రులు ఎంతో కొంత వంగే ఉంటాయి. టైరు జాడలో నడిచే కర్రును కొంచెం లోతుగా పెట్టండి, అక్కడ మట్టి అణిగిపోయి ఉంటుంది. లోతు చక్రాలు ఉన్నవాటికి లిఫ్ట్ పూర్తిగా దించి వదిలేయాలి. లీవర్‌తో సగంలో పట్టి ఉంచితే నేల చక్రం తేలిపోతుంది, చక్రం తిరగకపోతే గింజ పడదు. మొక్కజొన్నకు 4–5 సెంటీమీటర్ల లోతు చాలు, నువ్వుల్లాంటి చిన్న గింజలు 2–3 దాటకూడదు.

ఇప్పుడు అసలు లెక్క. గింజకీ గింజకీ మధ్య దూరం ట్రాక్టర్ వేగంతో మారుతుందని చాలామంది అనుకుంటారు. మారదు. చక్రం నేలను పట్టుకుని తిరిగినంత కాలం, నిదానంగా పోయినా కొంచెం జోరుగా పోయినా అదే దూరం. దాన్ని నిర్ణయించేవి చక్రం చుట్టుకొలత, స్ప్రాకెట్ల పళ్లు, ప్లేటులో గుంటల సంఖ్య. 50 సెంటీమీటర్ల వ్యాసమున్న చక్రం ఒక చుట్టుకు సుమారు 157 సెంటీమీటర్లు నడుస్తుంది. చక్రం వైపు స్ప్రాకెట్ 14 పళ్లది, ప్లేటు వైపుది 28 పళ్లది అయితే చక్రం ఒక చుట్టు తిరిగేసరికి ప్లేటు అర చుట్టే తిరుగుతుంది. ప్లేటుకు 16 గుంటలుంటే 8 గింజలు, అంటే దాదాపు 20 సెంటీమీటర్లకు ఒకటి. అదే ప్లేటు ఉంచి 28 బదులు 20 పళ్ల స్ప్రాకెట్ వేస్తే దూరం 14కి తగ్గుతుంది. 28 పళ్లదే ఉంచి 12 గుంటల ప్లేటు వేస్తే 26 అవుతుంది.

ఇది కాగితం లెక్క. దున్నిన నేలలో చక్రం కొంచెం జారుతుంది, జారినంత మేర దూరం పెరుగుతుంది. అందుకని చక్రానికి గుడ్డ ముక్క కట్టి, మీరు విత్తబోయే దుక్కిలోనే 10 చుట్లు తిరిగేదాకా నడిపి, ఎంత దూరం వచ్చిందో టేపుతో కొలిచి పదితో భాగించండి, లెక్కకు ఆ అంకెనే వాడండి. తర్వాత ప్లాంటర్‌ను లేపి దిమ్మల మీద నిలిపి, ఇంజన్ ఆపి, ఒక్కో గొట్టం కింద డబ్బా పెట్టి చక్రాన్ని చేత్తో 20 సార్లు తిప్పండి. పై ఉదాహరణలో ఒక్కో సాలుకు 160 గింజలు రావాలి. ఒక డబ్బాలో 158, ఇంకోదాంట్లో 120 వస్తే ఆ రెండో పెట్టె సంగతి పొలంలోకి పోకముందే చూడాలి. పగిలిన గింజలున్నాయేమో ఏరి చూడండి. విత్తనం ఎంత కొనాలో కూడా ఇక్కడే తేలుతుంది: సాళ్ల మధ్య 60, గింజల మధ్య 20 సెంటీమీటర్ల దూరంలో ఎకరాకు సుమారు 33,700 గింజలు పడతాయి, 100 గింజలు తూచి లెక్కేసుకోండి. వంద గింజలు 25 గ్రాములుంటే ఎనిమిదిన్నర కిలోల దాకా అవుతుంది.

మందు పట్టించిన విత్తనాన్ని నీడలో బాగా ఆరనివ్వాలి, తడిగా పోస్తే గింజలు ఒకదానికొకటి అతుక్కుని గుంటల్లోకి జారవు. కొంచెం టాల్క్ పొడి కలిపితే జారతాయి. గ్లౌజులు మర్చిపోవద్దు.

పొలంలో మొదటి సాలు కాస్త దూరం పోనిచ్చి దిగండి. వేళ్లతో మట్టి తవ్వి గింజ ఎంత లోతులో ఉందో, పదును తగిలిందో లేదో, దూరం సరిపోయిందో చూసి, అవసరమైతే సరిచేసి మళ్లీ వెళ్లండి. ఇది టైమ్ వేస్ట్ అనిపిస్తుంది కానీ మొలకెత్తాక మాత్రం చేసేదేం ఉండదు. వేగం గంటకు 3–5 కిలోమీటర్లు. ఇందాక దూరం మారదన్నాను కదా అని జోరు పెంచితే ప్లేటు గింజను అందుకోకుండానే తిరిగిపోతుంది, అందిన గింజ సాలులో ఎగిరి పక్కన పడుతుంది, చక్రం బెడ్డల మీద గెంతుతుంది.

గట్టు దగ్గర తిరిగేటప్పుడు ముందు లేపి తర్వాత తిప్పండి. దించేటప్పుడు ట్రాక్టర్ ముందుకు కదులుతూ ఉండాలి. ఆగి దించినా, దించి వెనక్కి పోయినా గొట్టాల మూతిలో మట్టి కూరుకుపోతుంది, బయటికి ఏమీ తెలియదు, పెట్టెలో గింజలు మాత్రం తగ్గవు. అందుకే మధ్యమధ్యలో అన్ని పెట్టెలూ సమానంగా తగ్గుతున్నాయో లేదో చూస్తుండాలి. వెనక ఫ్రేమ్ మీద మనిషిని నిలబెట్టి చూపించే అలవాటు మానేయండి, జారితే చక్రం కిందకే పోతాడు.

ఎరువు పెట్టె ఉంటే ఎరువు గింజకు తగలకుండా, 5 సెంటీమీటర్లు పక్కకి, 5 సెంటీమీటర్లు కిందికి పడేలా కర్రు అమర్చండి. పని అయిన రోజే ఆ పెట్టె ఖాళీ చేసి కడగాలి, రాత్రంతా ఉంచితే తేమ పట్టి రాయవుతుంది, రేకునూ తినేస్తుంది. చైన్లకు నూనె పెట్టి, ప్లేట్లు విప్పి తుడిచి, ఏ పంటదో వెనక పెయింటుతో రాసి నీడలో బల్లపరుపుగా పెట్టుకోండి, ప్లాస్టిక్‌వి ఎండలో పడేస్తే వంగిపోతాయి.