ఓపెన్‌ఎంఆర్‌ఎస్‌కు కోడ్ పంపే ముందు జాగ్రత్తలు

2004లో మొదలైన ఈ ఓపెన్ సోర్స్ వైద్య రికార్డుల సాఫ్ట్‌వేర్‌లో కెన్యాతో సహా చాలా దేశాల రోగుల రికార్డులు ఉన్నాయి. "చిన్న మార్పే కదా" అనుకోకండి.

- ముందు జిరాలో (చేయాల్సిన పనుల జాబితా ఉండే సైట్) ఆ పని టికెట్ మీ పేరున వేసుకోండి.
- అసలు రోగుల డేటా మీ ల్యాప్‌టాప్‌లోకి రానే కూడదు. డెమో డేటా చాలు. స్క్రీన్‌షాట్ పెట్టేముందు ఏ మూలనైనా పేరో, ఫోన్ నంబరో కనిపిస్తోందేమో జూమ్ చేసి చూడండి.
- రోగి వివరాలను డిలీట్ చేసే కోడ్ రాయొద్దు. ఇక్కడి పద్ధతి 'వాయిడ్': రికార్డు డేటాబేస్‌లోనే ఉంటుంది, ఎవరు, ఎప్పుడు, ఎందుకు తీశారో పక్కనే నమోదవుతుంది. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే.
- 03/04 అంటే మార్చి 4వ తేదీనా, ఏప్రిల్ 3వ తేదీనా? తేదీల కోడ్ ముట్టుకుంటే రెండుసార్లు చూసుకోండి.
- పంపేముందు కోడ్ టెస్టులు నడపండి.
- మీ కోడ్ రివ్యూ ఆలస్యమైతే టెన్షన్ వద్దు, చూసేవాళ్లలో వాలంటీర్లూ ఉంటారు.