సింగిల్ యాక్షన్ రివాల్వర్: గురి ఎందుకు చెదురుతోంది? (4వ పాఠం – చాంబర్లు, బ్యారెల్ కొలతలు)

పోయిన పాఠంలో పట్టు, ట్రిగ్గర్ నొక్కే తీరు, హ్యామర్ పడ్డాక కూడా సైట్ల మీద చూపు నిలపడం నేర్చుకున్నాం. అవన్నీ కుదిరాక కూడా 25 గజాల దగ్గర గుళ్లు తలో దిక్కుకు పోతుంటే, లోపం తుపాకీలోనో తూటాలోనో ఉన్నట్టు. ఈ పాఠానికి .45 కోల్ట్ తూటా వాడే రూగర్ బ్లాక్‌హాక్‌ను తీసుకుంటున్నాం. అమెరికా రేంజ్‌లలో బాగా కనిపించే తుపాకీ ఇది. దీనిలో తరచూ ఎదురయ్యే ఒక లోపం తెలిస్తే మిగతా సింగిల్ యాక్షన్ల (ప్రతిసారీ హ్యామర్‌ను చేత్తో వెనక్కి లాగి కాల్చే రివాల్వర్ల) సంగతి కూడా సగం తెలిసినట్టే.

పని మొదలుపెట్టే ముందు గేటు తెరిచి, సిలిండర్ తిప్పుతూ దానిలోని ఆరు చాంబర్లూ (తూటాలు కూర్చునే గదులు) ఖాళీగా ఉన్నాయని కళ్లతో చూడండి, వేలితో తడమండి. కొలతలు తీసే బల్ల మీద ఒక్క తూటా కూడా ఉండకూడదు.

ముందు మరలు

సింగిల్ యాక్షన్‌లో మరలు ఎక్కువ. ప్రతి దెబ్బకూ అవి కొంచెం కొంచెం వదులవుతాయి. ముఖ్యంగా బ్యారెల్ కింద ఉండే ఎజెక్టర్ హౌసింగ్ (ఖాళీ తూటాలను బయటికి తోసే కడ్డీ గొట్టం) మర, గ్రిప్ ఫ్రేమ్ మరలు, వెనక సైట్ చూడండి. గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్‌తో బిగించి, ఎజెక్టర్ హౌసింగ్ మరకు నీలం రకం లాక్‌టైట్ (మర వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేయండి. బేస్ పిన్ (సిలిండర్ తిరిగే ఇరుసు) పూర్తిగా లోపలికి కూర్చుందో లేదో, దాని లాచ్ పట్టి ఉంచుతోందో లేదో కూడా చూడాలి. కాల్చేటప్పుడు పిన్ ముందుకు జారితే సిలిండర్ ఊగుతుంది. ఇవి చూడకుండా కొలతల్లోకి దిగితే రోజంతా వృథా.

ఒక్కో చాంబర్‌కు ఒక్కో టార్గెట్

రివాల్వర్ అంటే ఒక బ్యారెల్‌ను పంచుకునే ఆరు తుపాకులు. అందుకే ఆరింటినీ కలిపి కాల్చిన టార్గెట్ చూసి ఏదీ తేల్చలేం. మార్కర్‌తో చాంబర్లకు 1 నుంచి 6 వరకు అంకెలు వేయండి. ఆరు టార్గెట్లు పెట్టి, ఒక్కో చాంబర్‌తో ఒక్కో దాని మీద ఐదేసి గుళ్లు కాల్చండి. మొత్తం 30 తూటాలు, అన్నీ ఒకే పెట్టెలోవి.

ఒక్క తూటానే వేసి కాల్చేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. కాల్చేవాడి వైపు నుంచి చూస్తే కోల్ట్, రూగర్ సిలిండర్లు గడియారం ముల్లు తిరిగే దిశలోనే తిరుగుతాయి. కాబట్టి తూటా ఉన్న చాంబర్ బ్యారెల్‌కు ఎదురుగా కాక, దానికి ఎడమ పక్కన ఉండాలి. హ్యామర్ లాగగానే అది పైకి వస్తుంది. ఇసుక సంచి మీద ఆనించేది ట్రిగ్గర్ గార్డ్ ముందున్న ఫ్రేమ్ భాగాన్నే. బ్యారెల్‌ను ఆనిస్తే గుండు తగిలే చోటు మారిపోతుంది.

ఆరు గ్రూపులూ (ఒక్కో టార్గెట్ మీద పడిన గుళ్ల గుంపులు) చెల్లాచెదురుగా ఉంటే బ్యారెల్‌ను, తూటాను అనుమానించాలి. ఏ గ్రూపుకా గ్రూపు బిగువుగా ఉండి, వాటి కేంద్రాలు మాత్రం వేర్వేరు చోట్ల ఉంటే చాంబర్ల కొలతల్లో తేడా ఉంది. ఒక్క చాంబరే దారి తప్పుతుంటే దాన్ని గుర్తు పెట్టుకోండి. పాత పద్ధతి తుపాకుల్లో ఎలాగూ ఐదే తూటాలు వేసి, హ్యామర్‌ను ఖాళీ చాంబర్ మీద దించాలి. ఆ ఖాళీ ఈ చాంబర్‌కే ఇవ్వండి.

థ్రోట్, గ్రూవ్

అసలు విషయం ఇక్కడుంది. బుల్లెట్ చాంబర్ నుంచి బయటికొచ్చే ముందు భాగాన్ని థ్రోట్ అంటారు. సీసం బుల్లెట్‌కు మంచి కొలత ఏమిటంటే, థ్రోట్ బ్యారెల్ గ్రూవ్ (బ్యారెల్ లోపలి మెలిక గాడుల) వ్యాసానికి సమానంగానో, అర వెయ్యోవంతు అంగుళం పెద్దగానో ఉండటం. .45 కోల్ట్ బ్లాక్‌హాక్‌లలో చాలావాటికి గ్రూవ్ 0.451–0.452 అంగుళాలుంటే, థ్రోట్ 0.450 లేదా అంతకన్నా తక్కువ ఉంటుంది. మీరు 0.452 బుల్లెట్ వేసినా థ్రోట్ దాన్ని నొక్కి సన్నబరుస్తుంది. బ్యారెల్‌లోకి వెళ్లేసరికి అది వదులు. పక్కల నుంచి వేడి వాయువు దూసుకుపోయి సీసాన్ని కోస్తుంది. ఆ సీసం ఫోర్సింగ్ కోన్ (బ్యారెల్ వెనక చివర ఉండే గరాటు లాంటి నోరు) దాటగానే గాడుల్లో బూడిదరంగు పొరలా అంటుకుంటుంది. మొదటి పది గుళ్లు బాగా పోయి, ఆ తర్వాత గురి చెడుతుంటే ఈ పొర కోసమే వెతకాలి.

పరీక్ష తేలిక. సిలిండర్ బయటకు తీసి, శుభ్రం చేసి, 0.452 బుల్లెట్‌ను ముందు వైపు నుంచి థ్రోట్‌లో పెట్టండి. వేలితో కాస్త నొక్కితే దిగితే మంచిది. దానంతటదే జారిపోతే థ్రోట్ పెద్దది. నొక్కినా దిగకపోతే చిన్నది. పిన్ గేజ్‌లు (రంధ్రం వ్యాసం కొలిచే కడ్డీలు) ఉంటే ఆరు అంకెలూ కాగితం మీద రాసుకోండి. చిన్న థ్రోట్లను ఆరింటినీ ఒకే కొలతకు, 0.4525కు, రీమ్ చేయించవచ్చు, అంటే తొలిచి పెద్దవి చేయించవచ్చు. అది గన్‌స్మిత్ పని. డ్రిల్ మెషిన్‌తో ఇంట్లో చేయాలనుకోకండి, తీసిన ఉక్కు తిరిగి రాదు.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందరి కోల్ట్‌లలో కథ వేరు. గ్రూవ్ 0.454 దగ్గర, థ్రోట్ ఇంకా పెద్దగా ఉంటాయి. వాటికి 0.454 మెత్తని సీసం బుల్లెట్ వాడాలి.

బ్యారెల్‌ను సీసంతో కొలవడం

బ్యారెల్‌ను ఫ్రేమ్‌లోకి బిగించిన చోట నొక్కుకుపోవడం కూడా ఉంటుంది. కొలవడానికి రెండు మెత్తని సీసపు గోళీలు కావాలి. బ్లాక్ పౌడర్ రివాల్వర్లకు అమ్మే 0.457 రకం సరిపోతుంది. సిలిండర్ తీసేసి, బ్యారెల్ లోపల నూనె రాసి, మొదటి గోళీని మూతి నుంచి చెక్క కడ్డీతో ఒక అంగుళం లోపలికి కొట్టి, వెనక నుంచి మళ్లీ బయటికి తోయండి. రెండోదాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి పూర్తిగా తోయండి. రెండింటినీ మైక్రోమీటర్‌తో కొలవండి. కాలిపర్స్ ఇంత సూక్ష్మమైన పనికి చాలవు. రెండోది ఒక వెయ్యోవంతు అంగుళం లేదా ఇంకా సన్నగా వస్తే ఆ నొక్కు గురిని చెడగొట్టగలదు. తోసేటప్పుడే ఫ్రేమ్ దగ్గర కడ్డీ ఒక్కసారిగా బిగుసుకోవడం చేతికి తెలుస్తుంది. దీనికి మందు ల్యాపింగ్, అంటే రాపిడి పొడితో బ్యారెల్ లోపలిని సన్నగా అరగదీయడం. అయితే థ్రోట్లు సరిచేశాకే అది చేయించాలి.

మిగిలినవి

సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సందు ఫీలర్ గేజ్‌తో (సందులను కొలిచే పలుచని రేకులతో) కొలిస్తే 0.004–0.008 అంగుళాలు ఉంటే చాలు. ఫోర్సింగ్ కోన్‌లో ఒక పక్కే సీసం పేరుకుంటే చాంబర్ బ్యారెల్‌కు సూటిగా రావడం లేదన్నమాట, దాన్ని గన్‌స్మిత్‌కు చూపించండి. మూతి అంచు మీద దూదిపుల్ల తిప్పి చూడండి. ఎక్కడైనా పోగు చిక్కుకుంటే అక్కడ అంచు దెబ్బతింది.

బుల్లెట్ గట్టిదనం సంగతి చాలామంది తలకిందులుగా అనుకుంటారు. .45 కోల్ట్ ప్రామాణిక పీడనం పరిమితి 14,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) మాత్రమే. అంత తక్కువ పీడనానికి 10–12 బ్రినెల్ (గట్టిదనం కొలత) సీసం సాగి గాడులను నింపుతుంది. 20 దాటినది సాగదు, కాబట్టి వాయువు పక్కల నుంచి పోతుంది. గట్టి బుల్లెట్‌తో సీసం అంటుకుంటే ఇంకా గట్టిది కొనకండి, మెత్తనిది ప్రయత్నించండి.

గ్రూపు బిగువుగా ఉండి మొత్తంగా కిందకో పక్కకో పడితే అది సైట్ల సమస్య. వచ్చే పాఠంలో ముందు సైట్‌ను ఎంత రాయాలో లెక్క కడదాం. ఈలోగా మీ ఆరు థ్రోట్ల కొలతలు, రెండు గోళీల కొలతలు, ఆరు టార్గెట్లు సిద్ధం చేసుకోండి.