కథోలిక విశ్వవిద్యాలయంలో చదువుకు లక్ష్యాలు రాసుకోవడం ఎలా?

కథోలిక విశ్వవిద్యాలయంలో కొత్తగా చేరిన విద్యార్థిని లక్ష్యమేమిటని అడిగితే డిగ్రీ, ఉద్యోగం అన్న రెండు మాటలే ఎక్కువగా వినిపిస్తాయి. ఆ రెండూ కావలసినవే. అయితే ఇటువంటి చోట ప్రధాన సబ్జెక్టుతో పాటు తత్త్వశాస్త్రం, వేదాంతశాస్త్రం (దేవుని గురించీ క్రైస్తవ విశ్వాసం గురించీ చేసే అధ్యయనం), నీతిశాస్త్రం వంటి కోర్సులు కూడా తరచుగా తప్పనిసరిగా ఉంటాయి. వాటిని ఎలాగోలా గట్టెక్కవలసిన పేపర్లుగా చూసేవారు, ఆ సంస్థ ప్రత్యేకంగా ఇవ్వగలిగినదాన్నే వదులుకుంటారు. కాబట్టి లక్ష్యాలు రాసుకునేటప్పుడు ఈ రెండు వైపులనూ ఒకే వాక్యంలోకి తీసుకురావాలి.

ముందుగా సంస్థ తన ఆశయాలను ప్రకటించిన పత్రాన్ని చదవండి. ఆ తరువాత 1990 ఆగస్టు 15న పోప్ రెండో జాన్ పాల్ వెలువరించిన ‘ఎక్స్ కోర్దె ఎక్లేసియే’ను తిరగేయండి, కథోలిక విశ్వవిద్యాలయాలకు మూలపత్రం అదే. అక్కడి పరిశోధనలో జ్ఞానశాఖల సమన్వయం, విశ్వాసానికీ హేతువుకూ మధ్య సంభాషణ, నైతిక చింతన, వేదాంత దృక్పథం అనే నాలుగూ ఉండాలని అది చెబుతుంది. విద్యార్థికి ఇవి నాలుగు ప్రశ్నలుగా ఉపయోగపడతాయి.

ఉదాహరణకు ఒక నర్సింగ్ విద్యార్థిని ‘మంచి నర్సును కావాలి’ అని రాసుకుందనుకుందాం. అది కోరికే తప్ప లక్ష్యం కాదు, ఎందుకంటే నెరవేరిందో లేదో తేల్చుకునే దారి అందులో లేదు. దాన్నే ఇలా మార్చవచ్చు: ‘ఈ సెమిస్టర్ ముగిసేసరికి, మరణం దగ్గరపడిన రోగికి భారమే తప్ప తగిన ప్రయోజనం లేని చికిత్సను ఆపడానికీ, కావాలని ప్రాణం తీయడానికీ కథోలిక నీతిబోధ చూపే తేడాను రోగి బంధువులకు అర్థమయ్యే మాటల్లో వివరించగలగాలి, నొప్పి తగ్గించే మందుల గురించి నా పాఠ్యపుస్తకం చెప్పేదాన్ని దానితో జోడించి మూడు పేజీలు రాయగలగాలి.’ ఇందులో వైద్యం, నీతిశాస్త్రం, మాట నేర్పు మూడూ ఉన్నాయి, గడువు కూడా ఉంది. ఇటువంటివి సెమిస్టర్‌కు రెండు చాలు. పది రాసుకున్నవారు పదింటినీ మరచిపోతారు.

విశ్వాసానికీ హేతువుకూ మధ్య సంభాషణ అంటే రెండింటినీ కలగాపులగం చేయడం కాదు. బెల్జియంలోని లూవెన్ కథోలిక విశ్వవిద్యాలయంలో బోధించిన కథోలిక మతగురువు, భౌతిక శాస్త్రవేత్త జార్జ్ లెమైత్ర్ విశ్వం విస్తరిస్తోందని 1927లో ప్రతిపాదించారు. ఆ సిద్ధాంతాన్ని సృష్టి గురించిన మతబోధకు రుజువుగా వాడుకోవడం మాత్రం ఆయనకు ఇష్టం లేదు. మీ సబ్జెక్టులో శాస్త్రం జవాబు చెప్పగల ప్రశ్న ఏది, చెప్పలేని ప్రశ్న ఏది అని విడదీసి చూడడాన్ని కూడా ఒక లక్ష్యంగా పెట్టుకోవచ్చు. నా దృష్టిలో అన్నిటికన్నా కష్టమైనదీ, ఎక్కువ ఫలితమిచ్చేదీ అదే.

ఇతర మతాలవారు, ఏ మతమూ లేనివారు ఇదంతా తమకు సంబంధించినది కాదనుకోనవసరం లేదు. ప్రతి ఒక్కరి మనస్సాక్షి స్వేచ్ఛనూ పూర్తిగా గౌరవించాలని పైన చెప్పిన పత్రమే నిర్దేశించింది. బోధను అంగీకరించడం వేరు, దాన్ని న్యాయంగా వివరించి తరువాత విభేదించగలగడం వేరు. రెండోది ఎవరైనా పెట్టుకోదగిన లక్ష్యం.

సేవా కార్యక్రమాల విషయంలో గంటల లెక్కను లక్ష్యంగా రాసుకోకండి. అకౌంటింగ్ చదివేవారు చిన్న సంపాదనపరులకు పన్ను పత్రాలు నింపిపెడితే, ఏ నిబంధన వారిని ఎక్కువగా ఇబ్బంది పెడుతోందో గమనించి, ఆ ప్రశ్నను తరగతికి తీసుకురావాలి.

వారానికొకసారి పదిహేను నిమిషాలు కేటాయించి రాసుకున్నదాన్ని తిరిగి చూడండి. 16వ శతాబ్దంలో జెస్యూట్ మతగురువుల సంఘాన్ని స్థాపించిన పునీత ఇగ్నేషియస్ లొయోలా నేర్పిన ఆత్మపరిశీలన పద్ధతి ఇందుకు బాగా పనికివస్తుంది: కృతజ్ఞతతో మొదలుపెట్టి, గడిచిన రోజులను వరుసగా తలచుకొని, తప్పినచోటును గుర్తించి, రాబోయే రోజులకు ఒక్క మార్పును నిర్ణయించుకోవాలి. ఆ మార్పును లక్ష్యం పక్కనే తేదీతో రాసి, సెమిస్టర్ మధ్యలో ఆ కాగితాన్ని మీ సలహాదారు అధ్యాపకునికి చూపండి.