బయ్యర్ పంపిన ప్రశ్నావళిని ప్రపోజల్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించేటప్పుడు ప్రశ్నలకూ జవాబులకూ చేత్తో జత కలపడం ఎలా?

భీమవరం, ఉండి, ఆకివీడు చుట్టుపక్కల రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లకు పట్టుబడులతో సంబంధం లేకుండా ఏడాది పొడుగునా వచ్చే సరుకు ఒకటుంది: బయ్యర్ల ప్రశ్నావళి. ఒకరు ఎక్సెల్ పంపుతారు, ఇంకొకరు వర్డ్ ఫైలు, మరొకరు స్కాన్ చేసిన పీడీఎఫ్. అడిగేవి మాత్రం చాలావరకు అవే. ఈఐసీ (కేంద్ర ప్రభుత్వ ఎగుమతి తనిఖీ మండలి) ఆమోద సంఖ్య ఎంత, హెచ్‌ఏసీసీపీ (ఆహార భద్రతకు ముప్పులను గుర్తించి అదుపు చేసే పద్ధతి) ప్లాన్ ఉందా, యాంటీబయాటిక్ అవశేషాల పరీక్ష ఎక్కడ చేయిస్తారు, రొయ్య ఏ చెరువుదో చెప్పగలరా, కూలీలకు వేతనం ఎలా ఇస్తారు.

లూపియో, రెస్పాన్సివ్ లాంటి ప్రపోజల్ సాఫ్ట్‌వేర్లు పనికొచ్చేది ఇలాంటి చోటే. పాత జవాబులు ఒక లైబ్రరీలో ఉంటాయి, కొత్త ప్రశ్నావళి రాగానే దగ్గరగా ఉన్న జవాబును సాఫ్ట్‌వేరే వెతికి ముందు పెడుతుంది. అయితే ముందు ఆ పాత ఫైళ్లను లోపలికి ఎక్కించాలి. ఏది ప్రశ్న, ఏది జవాబు, ఏది ఉత్త హెడ్డింగ్ అని దానికి చెప్పాలి. దీన్నే మ్యాపింగ్ అంటున్నారు. బటన్ల పేర్లు ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కోలా ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోకుండా పని వరస చెబుతాను.

ముందు తేల్చుకోవాల్సింది: చేత్తో చేయాలా, వద్దా?

ప్రతి ఫైలుకూ చేత్తో కూర్చోనక్కర్లేదు. మొదటి కాలమ్‌లో క్రమసంఖ్య, రెండో కాలమ్‌లో ప్రశ్న, మూడో కాలమ్‌లో జవాబు ఉండి, షీటు మొత్తం అదే తీరులో నడిస్తే ఆటోమేటిక్‌గా గుర్తించమని వదిలేయండి. సెల్స్ కలిపేసి ఉన్నా, మధ్యమధ్య సూచనల పేరాలు ఉన్నా, ఒకే ప్రశ్నకు రెండు మూడు జవాబు కాలమ్‌లు ఉన్నా ఆ దారి వద్దు. తప్పుగా గుర్తించినదాన్ని సరిదిద్దడం కంటే మొదటి నుంచీ మీరే చూపించడం తేలిక.

ఫైలును సిద్ధం చేయడం

బయ్యర్ పంపిన అసలు ఫైలు ముట్టుకోకండి. కాపీ తీసి దాని మీదే పని చేయండి.

ఎక్సెల్ అయితే దాచిన వరుసలు, దాచిన షీట్లు బయటికి తీయండి, ఫిల్టర్లు తొలగించండి. పాస్‌వర్డ్‌తో లాక్ చేసిన షీటైతే బయ్యర్‌నే అడిగి తెరిపించుకోండి. కలిపేసిన సెల్స్‌తో జాగ్రత్త. చూడటానికి ఐదు వరుసలకు ఒకే ప్రశ్న ఉన్నట్టు కనిపించినా, ఎక్సెల్ లెక్కలో ఆ అక్షరాలు ఎడమవైపు పైనున్న సెల్‌లోనే ఉంటాయి, మిగతావి ఖాళీ. ఇంపోర్ట్ అయ్యాక కింది నాలుగు జవాబులూ ప్రశ్న లేకుండా మిగిలిపోతాయి. లైబ్రరీ కోసం ఎక్కించే పాత ఫైలైతే కలిపిన సెల్స్ విడగొట్టి, ప్రశ్నను ప్రతి వరుసలోకీ కాపీ చేయండి. జవాబులు నింపి తిరిగి పంపాల్సిన ఫైలైతే బయ్యర్ కాలమ్‌లను, వరుసలను కదపకండి. మ్యాపింగ్‌లోనే సర్దుకోవాలి.

రొయ్యల వాళ్లకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. సైజు కాలమ్‌లో (తూకానికి ఎన్ని రొయ్యలు వస్తాయో రాసే చోట) 8/12 అని కొట్టగానే ఎక్సెల్ దాన్ని తేదీ అనుకుని, కంప్యూటర్ సెట్టింగ్‌ను బట్టి డిసెంబర్ 8గానో ఆగస్టు 12గానో మార్చేస్తుంది. 16/20, 21/25 జోలికి రాదు, ఎందుకంటే అలాంటి తేదీలు లేవు. కాబట్టి పై నుంచి కిందికి చూసుకుపోతుంటే ఆ ఒక్క వరుస కంటపడదు. అప్పటికే తేదీగా మారిన సెల్‌ను టెక్స్ట్‌గా మారిస్తే ఐదంకెల సంఖ్య వస్తుంది తప్ప 8/12 తిరిగి రాదు. సెల్‌ను ముందు టెక్స్ట్‌గా పెట్టి, సైజును మళ్లీ కొట్టాలి.

వర్డ్ ఫైల్లో టెక్స్ట్ బాక్సుల్లోని రాతను చాలా ఇంపోర్ట్ టూల్స్ చదవవు. దాన్ని బయటికి తెచ్చి మామూలు పేరాగా పెట్టండి. వర్డ్ తనంతట తాను వేసే 1, 2, 3 అంకెలు ఇంపోర్ట్‌లో రాలిపోవచ్చు. బయ్యర్ తర్వాత ఫోన్‌లో "4.7కి మీరు రాసింది సరిపోదు" అన్నప్పుడు ఆ అంకె మీ దగ్గర ఉండాలి కదా, ప్రశ్న ముందు చేత్తో కొట్టి ఉంచండి. స్కాన్ చేసిన పీడీఎఫ్‌ను ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను టెక్స్ట్‌గా మార్చడం) చేయించాకే తీసుకురండి.

ఇక తెలుగు. రైతుల దగ్గర తీసుకున్న హామీపత్రాలు, చెరువుల వివరాలు చాలా ఆఫీసుల్లో ఇప్పటికీ అను ఫాంట్లలో కొట్టినవే. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కావు. సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లగానే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపుగా మారతాయి, వెతికినా దొరకవు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు సరిగా వచ్చాయో లేదో ఒకసారి చదవండి.

ఒక్కో కాలమ్‌కు పని అప్పగించడం

ఫైలు ఎక్కించాక సాఫ్ట్‌వేర్ షీటును చూపిస్తుంది. ఏ వరుస నుంచి అసలు ప్రశ్నలు మొదలవుతాయో చెప్పండి. పైనున్న లోగో, చిరునామా, "దయచేసి అన్నీ నింపండి" అనే వరుసలు దాని కిందికి రాకూడదు. తర్వాత ఒక్కో కాలమ్‌కు గుర్తు పెట్టండి: సెక్షన్, ప్రశ్న, జవాబు, లేదా వదిలేయాల్సింది. మార్కులు వేసుకోవడానికి బయ్యర్ పెట్టుకున్న కాలమ్, లోపలి వ్యాఖ్యలు, ధరలు అన్నీ వదిలేయాల్సిన ఖాతాలోకే. ధర లైబ్రరీలోకి అస్సలు వెళ్లకూడదు. అది ఇంకో బయ్యర్ ప్రశ్నావళిలో జవాబుగా తేలితే జరిగే నష్టం వేరే చెప్పక్కర్లేదు.

జవాబు కాలమ్‌లు రెండు ఉంటే రెంటినీ ఒకటిగా చూపించకండి. సాధారణంగా ఒకటి అవును/కాదు ఎంచుకునే జాబితా, రెండోది వివరణ రాసే చోటు. జాబితాను ఎంపిక జవాబుగా, వివరణను రాత జవాబుగా విడివిడిగా మ్యాప్ చేయండి. జాబితాలోని మాటలు బయ్యర్ పెట్టినవి పెట్టినట్టే ఉండాలి. మనం చేత్తో కొడితే ఎక్సెల్ తప్పు మాటను ఒప్పుకోదు గానీ, సాఫ్ట్‌వేర్ ఎక్స్‌పోర్ట్‌లో రాసినప్పుడు ఆ అడ్డు పనిచేయకపోవచ్చు. చూడటానికి బాగానే ఉంటుంది, అవతల బయ్యర్ ఫార్ములా మాత్రం దాన్ని లెక్కలోకి తీసుకోదు.

వర్డ్ ఫైల్లో కాలమ్‌లు ఉండవు కాబట్టి మౌస్‌తో ప్రశ్నను ఎంచి ప్రశ్న అని, జవాబును ఎంచి జవాబు అని గుర్తు పెట్టాలి. జవాబులో బుల్లెట్లు, చిన్న పట్టికలు ఉంటే మొదటి మాట నుంచి చివరి గీత దాకా ఒకే ఎంపికలో పట్టండి. లేకపోతే ఒక్కో బుల్లెట్ ఒక్కో జవాబై కూర్చుంటుంది.

ప్రశ్న ఒంటరిగా నిలబడుతుందా?

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. తీసిన ప్రతి ప్రశ్ననూ హెడ్డింగ్ లేకుండా చదవండి. హెడ్డింగ్ "యాంటీబయాటిక్స్", కింద ప్రశ్న "ఎంత తరచుగా?" అని ఉంటే, లైబ్రరీలో మిగిలేది "ఎంత తరచుగా?" మాత్రమే. రేపు ఐస్ ప్లాంటు నీటి పరీక్ష ఎంత తరచుగా అని ఎవరైనా అడిగితే సాఫ్ట్‌వేర్ ఈ జవాబే తెచ్చి పెడుతుంది. "క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అవశేషాల పరీక్ష ఎంత తరచుగా చేయిస్తారు?" అని లైబ్రరీ కాపీలో తిరగరాయండి. బయ్యర్ ఫైల్లో మాత్రం ఆయన మాట ఆయనదే.

ఒకే సెల్‌లో మూడు ప్రశ్నలు కుక్కేవాళ్లూ ఉంటారు: ప్లాన్ ఉందా, చివరిసారి ఎప్పుడు సమీక్షించారు, కాపీ జతచేయండి. తిరిగి పంపే ఫైల్లో దాన్ని ఒకే ప్రశ్నగా ఉంచండి, ఎందుకంటే జవాబు వెళ్లాల్సింది ఒక్క సెల్‌లోకే. లైబ్రరీలో మటుకు మూడుగా విడగొట్టండి.

జవాబులనూ ఇలాగే చదవాలి. "పైన చెప్పినట్టే", "అనుబంధం 3 చూడండి", "వర్తించదు" లాంటివి జవాబులు కావు. అసలు విషయం పెట్టండి, లేదా ఆ జతను లైబ్రరీలోకి రానివ్వకండి. ఏదైనా ఎక్కించేస్తే ఎప్పటికైనా పనికొస్తుందనే ఆలోచనతో నేను ఏకీభవించను. వెతికిన ప్రతిసారీ ఆ చెత్త కూడా వస్తుంది.

సైజుల పట్టికలు

అడ్డంగా ఉత్పత్తి రకాలు, నిలువుగా సైజులు ఉన్న పట్టికలో ప్రతి సెల్‌నూ ప్రశ్నగా తీయబోకండి. పట్టిక మొత్తాన్ని ఒకే ప్రశ్న కింద జతచేసే ఫైలుగా ఉంచితే చాలు. కొలత మాత్రం ప్రశ్నలోనే రాయండి. చెరువు గట్టు మీద 30 కౌంట్ అంటే తలతో సహా కిలోకు 30 రొయ్యలు. అమెరికా బయ్యర్ 16/20 అన్నప్పుడు అది తల తీసినది, పౌండుకు 16 నుంచి 20, అంటే కిలోకు సుమారు 35 నుంచి 44. "సైజు ఎంత?" అనే ఒకే ప్రశ్న కింద ఈ రెండు రకాల జవాబులూ చేరితే ఏది దేనిదో తర్వాత ఎవరూ చెప్పలేరు.

పూర్తి చేసే ముందు

"ఆయ్, అయిపోయిందండీ" అనే ముందు లెక్క చూడండి. అసలు ఫైల్లో ఎన్ని ప్రశ్నలు, లోపలికి ఎన్ని వచ్చాయి? ప్రతి షీటులో మొదటి ప్రశ్న, చివరి ప్రశ్న తెరిచి చూడండి. ఒక వరుస జారితే మొత్తం జవాబులు ఒక మెట్టు కిందికి దిగుతాయి, అది చివర్లో ఇట్టే దొరుకుతుంది.

పాత జవాబుల్లో చిరునామాలు, తేదీలు వెతకండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి. అమలాపురం వైపు యూనిట్ చిరునామాలో ఇంకా తూర్పు గోదావరి జిల్లా అని ఉంటే, అక్కడ డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా పేరు రావాలి. సర్టిఫికెట్ల జవాబులకు గడువు తేదీ, బాధ్యుల పేరు తగిలించండి. క్వాలిటీ మేడమ్ గారిని పక్కన కూర్చోబెట్టుకుంటే ఇది వేగంగా తేలుతుంది, ఒక్కో సర్టిఫికెట్‌కూ మెయిల్ పెట్టి ఎదురుచూడక్కర్లేదు.

అన్ని జవాబులూ నింపకముందే రెండు మూడు మాత్రం రాసి ఎక్స్‌పోర్ట్ చేయండి. బయ్యర్ ఫైలు తెరిచి అవి సరైన సెల్‌లో పడ్డాయా, ఎంపిక జాబితాలు పనిచేస్తున్నాయా, పొడవైన వివరణ సెల్‌లో తెగిపోయిందా చూసుకోండి. బాగుంటే ఆ మ్యాపింగ్‌ను బయ్యర్ పేరుతో, సంవత్సరంతో టెంప్లేట్‌గా దాచండి. మరుసటి ఏడాది వాళ్లు కొత్త వెర్షన్ పంపినప్పుడు దాన్ని వాడే ముందు రెండు ఫైళ్లనూ పక్కపక్కన తెరవండి. మధ్యలో ఒక్క కాలమ్ కొత్తగా చేరినా పాత టెంప్లేట్ జవాబులను పక్క కాలమ్‌లో రాసేస్తుంది. అలా ఉంటే ఆ షీటు వరకు టెంప్లేట్ పక్కనపెట్టి మళ్లీ చేత్తో మ్యాప్ చేయండి.