మీ టీమ్‌లో పిల్ల వచ్చి "నాకు అమ్మాయిలంటేనే ఇష్టం మేడమ్" అంటే ఏం చెయ్యాలి

ఈ మాట పిల్ల ఇంట్లో చెప్పదు, క్లాస్ టీచర్‌కీ చెప్పదు. చెబితే గ్రౌండ్‌లోనే చెబుతుంది, ఎందుకంటే రోజూ తెల్లవారుజామునుంచి తన ఏడుపూ కోపమూ గెలుపూ అన్నీ చూసిన పెద్దమనిషి అక్కడే ఉంటారు. కాబట్టి విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో ఆడపిల్లలకి టెన్నిసో కబడ్డీయో వెయిట్‌లిఫ్టింగో నేర్పుతున్న ప్రతి పీఈటీ, ప్రతి కోచ్ దీనికి ముందే సిద్ధపడి ఉండాలి. అప్పటికప్పుడు నోటికొచ్చింది అనేస్తే ఆ పిల్ల మర్నాడు గ్రౌండ్‌కే రాకపోవచ్చు.

ఉదాహరణలు ఎక్కువగా టెన్నిస్ నుంచే చెబుతాను. ఆడవాళ్ళ టెన్నిస్‌లో ఈ విషయం నలభై ఏళ్ళకి పైగా అందరి కళ్ళ ముందే నడుస్తోంది, ఏది పిల్లల్ని నిలబెట్టిందో ఏది దెబ్బ తీసిందో అక్కడ బాగా కనిపిస్తుంది.

అన్నిటికన్నా ముందు, ఆ కబురు ఆమెది, మీది కాదు. 1973లో ఆడవాళ్ళ టెన్నిస్ సంఘం డబ్ల్యూటీఏ పెట్టిన అమెరికా క్రీడాకారిణి బిల్లీ జీన్ కింగ్ సంగతి చూడండి. 1981లో మాజీ ప్రియురాలు కోర్టుకెక్కడంతో ఆమె విషయం లోకమంతా తెలిసిపోయింది, ఒక్క రోజులోనే స్పాన్సర్లంతా పోయారని తర్వాత ఆమే చెప్పింది. అదే ఏడాది మార్టినా నవ్రతిలోవా ఒక విలేకరితో మాట్లాడి, ఇప్పుడే రాయకండి అని అడిగింది. ఆమెకి అమెరికా పౌరసత్వం వచ్చిన కొద్ది రోజులకే పత్రికలో అచ్చేశారు. 2011 యూఎస్ ఓపెన్ విజేత సమంతా స్టోసర్ మాత్రం తన పార్ట్‌నర్‌కి పాప పుట్టిందని 2020లో తనకి కుదిరినప్పుడు తనే చెప్పుకుంది. ఎప్పుడు చెప్పాలి, ఎవరికి చెప్పాలి అన్నది ఆమె చేతిలో ఉండటమే ఇక్కడ తేడా. అందుకే హెడ్మాస్టర్‌కి, తోటి పీఈటీకి, ఇంట్లో మీ ఆయనకి కూడా చెప్పకండి. "నీకొక్కదానికే చెబుతున్నా" అంటూ మొదలైన మాట సాయంత్రానికి గంటస్తంభం దగ్గర టీ కొట్టు చేరుతుంది, మన ఊళ్ళ సంగతి మనకి తెలియనిది కాదు.

ఇక ఆ మొదటి ఐదు నిమిషాలు. స్టాఫ్ రూమ్‌కి పిలవకండి, పిలిస్తే తప్పు చేసినట్టు అయిపోతుంది. ప్రాక్టీస్ అయ్యాక నెట్ చుడుతూ, బంతులు ఏరుతూ మాట్లాడండి. ఇద్దరి చూపూ నేల మీద ఉంటే పిల్లకి మాట తేలిగ్గా వస్తుంది. తను చెప్పేది పూర్తయ్యేదాకా మధ్యలో దూరొద్దు. మన నోట ముందుగా వచ్చేది "ఎవులితోటే?" అన్న ప్రశ్న, అది మింగెయ్యండి. "ఈ వయసులో అలాగే ఉంటుంది, పెళ్ళయితే పోతుంది" అన్నది అంతకన్నా చెడ్డ మాట. అనాల్సింది చాలా చిన్నది: "చెప్పావు, మంచిదమ్మా. ఇది నా దగ్గరే ఉంటుంది. రేపు ఆరింటికి ప్రాక్టీస్, మామూలే." ఆ "మామూలే" అన్నది మర్నాడు చేసి చూపించాలి కూడా: అదే వార్మప్, అదే పొజిషన్, తప్పు ఆడితే అదే కేక.

ఒక్క చోట మాత్రం రహస్యం దాచకూడదు. పద్దెనిమిది నిండని పిల్లని ఎవరైనా పెద్దవాళ్ళు, వాళ్ళు ఆడైనా మగైనా, ఒత్తిడి చేస్తున్నారనో ముట్టుకుంటున్నారనో తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యాలి. ఆ సంగతి పిల్లకి ముందే చెప్పి చెయ్యండి.

టీమ్‌లో మాటలు ఆపడం మీ పని. 1999లో అమెలీ మోరెస్మో 19 ఏళ్ళకే ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్ దాకా వెళ్ళి, అదే టోర్నీలో తన ప్రియురాలి గురించి దాచకుండా చెప్పింది. మగాడిలా ఉందన్న మాటలు తోటి ఆటగాళ్ళ నుంచే పడింది. మన దగ్గర దీనికి "మగరాయుడు" అని తయారుగా ఉంటుంది, జుట్టు కత్తిరించుకున్నా బరువులెత్తినా ప్రతి గుంటనీ అనేస్తారు, వాళ్ళలో ఎవరు ఎవర్ని ఇష్టపడతారో ఎవరికీ తెలియకపోయినా. మొదటిసారి విన్నప్పుడే, ఎవరి పేరూ ఎత్తకుండా, ఈ గ్రౌండ్‌లో ఆ మాట వద్దని గట్టిగా చెప్పండి. మోరెస్మో 2006లో ఆస్ట్రేలియన్ ఓపెన్, వింబుల్డన్ రెండూ గెలిచిందని, తర్వాత ఫ్రెంచ్ ఓపెన్‌కి టోర్నమెంట్ డైరెక్టర్ అయిందని కూడా చెప్పండి, పిల్లలు వింటారు. "ఇలాంటివి ఉంటే ఆట పాడవుతుంది" అనేవాళ్ళకి నవ్రతిలోవా లెక్క చాలు: 9 వింబుల్డన్ సింగిల్స్ టైటిళ్ళలో 7 ఆ పత్రిక అచ్చేసిన తర్వాత గెలిచినవే.

టోర్నమెంట్‌కి వెళ్ళినప్పుడు ఆ పిల్లని విడిగా పడుకోబెట్టకండి, దానికన్నా పెద్ద చాటింపు లేదు. రూమ్‌లో ఎలా ఉండాలన్న రూల్స్ అందరికీ ఒకటే పెట్టండి. ఒకవేళ టీమ్‌లోనే ఇద్దరు దగ్గరైతే కంగారుపడి జోడీ విడదియ్యకండి, ఆట బాగుంటే ఆడనివ్వండి. బెల్జియం అమ్మాయిలు అలిసన్ వాన్ ఉయిట్‌వాంక్, గ్రీట్ మినెన్ ప్రేమికులుగా ఉంటూనే 2019 వింబుల్డన్‌లో డబుల్స్ కలిసి ఆడారు.

ఇంట్లో తెలిసిపోతే అసలు కష్టం మొదలవుతుంది. ఇచ్ఛాపురం దాటితే వచ్చే ఒడిశాలోనే పరుగుల క్రీడాకారిణి ద్యుతీ చంద్ 2019లో తన ప్రేమ సంగతి చెప్పినప్పుడు వ్యతిరేకత సొంత ఇంటి నుంచే వచ్చింది. అదే ఏడాది జూలైలో ప్రపంచ యూనివర్సిటీ క్రీడల్లో 100 మీటర్ల స్వర్ణం తెచ్చింది. తల్లిదండ్రులు మీ దగ్గరికి వస్తే మొదట వాళ్ళని కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వండి, వాళ్ళదీ భయమే. తర్వాత తెలియాల్సినవి చెప్పండి. ఇది నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న తేల్చేసింది. ఇలాంటి పెళ్ళికి మాత్రం మన చట్టంలో ఇంకా గుర్తింపు లేదు, 2023 తీర్పు అలాగే ఉంది, లేనిది ఉందని చెప్పకండి. మేజర్లయిన ఇద్దరమ్మాయిలు కలిసి ఉండొచ్చని మన ఏపీ హైకోర్టే 2024 డిసెంబర్‌లో చెప్పింది. "మార్పించే" వైద్యం చేస్తామనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తామంటే, అలా చెయ్యడం వృత్తిపరమైన తప్పని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పిందని వివరించి ఆపండి. పిల్ల తిండీ నిద్రా మానేసి దిగులుగా ఉంటే మానసిక ఆరోగ్యానికి 14416 టెలీ మానస్ హెల్ప్‌లైన్ ఉంది, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబర్ ఒక్క పిల్లకే చాటుగా ఇవ్వకండి, కిట్ రూమ్ తలుపు మీద అందరికీ కనిపించేలా అంటించండి.